పాత ల్యాప్‌టాప్ లేవనంటే

ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదనగానే ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు అనేస్తారు: "ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుంది." అనేవాళ్లు మన మంచి కోరే అంటారు. కానీ పాత ల్యాప్‌టాప్ విషయంలో ఇంతకు మించి నష్టం చేసే సలహా మరొకటి లేదు. ఫార్మాట్ కొడితే విండోస్ కొత్తగా వస్తుంది. పదేళ్ల ఫొటోలు, నాన్నగారి పింఛను కాగితాల స్కాన్లు, అమ్మాయి థీసిస్, షాపు లెక్కలు పోతాయి. పైగా చాలాసార్లు అసలు జబ్బు విండోస్‌ది కాదు. అరిగిపోయిన డిస్కు మీద వేసిన కొత్త విండోస్ కొన్నాళ్లకే మళ్లీ మొరాయిస్తుంది. అప్పుడు ఫైళ్లూ ఉండవు, ల్యాప్‌టాపూ ఉండదు.

అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, షాపుకు బయల్దేరే ముందు ఒక కాగితం తీసుకోండి. ఈ ల్యాప్‌టాప్‌లో ఉండి ఇంకెక్కడా లేనివేమిటో రాయండి. గూగుల్ డ్రైవ్‌లో ఉన్నవి, మెయిల్‌లో ఎవరికో పంపినవి, వాట్సాప్‌లో పెట్టినవి కొట్టేయండి. మిగిలిన జాబితాయే మీ అసలు పని. ఏమీ మిగలకపోతే మీరు అదృష్టవంతులు, కింద చెప్పినవన్నీ ధైర్యంగా చేసి చూడొచ్చు. ఒక్కటి మిగిలినా సరే, అది బయటికి వచ్చేదాకా డిస్కు మీద ఏమీ రాయకూడదు, ఎవరినీ రాయనివ్వకూడదు. ఫార్మాట్, రీసెట్, రీఇన్‌స్టాల్ అన్నీ డిస్కు మీద రాసే పనులే.

ఈ జాబితాలో జనం తరచూ మరిచిపోయేవి కొన్నున్నాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు ఒకటి. ట్యాలీ డేటా డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ఉండదు, ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. అవుట్‌లుక్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న మెయిల్ ఒకే పెద్ద ఫైలుగా లోతైన ఫోల్డర్లో ఉంటుంది. డెస్క్‌టాప్ మీద పడేసినవీ, డౌన్‌లోడ్స్‌లో వదిలేసినవీ ఎటూ ఉంటాయి. చాలామంది అసలు కాగితాలు అక్కడే ఉంటాయి కూడా.

తెలుగు డీటీపీ పని చేసేవాళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు జరిగే నష్టం బయటివాళ్లకు అర్థం కాదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తరవాత దానికి కొత్త వెర్షన్ లేదు. అయినా మన ఊళ్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, చిన్న పత్రికలు, పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతూనే ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. పేజీల ఫైళ్లు మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి లాగి, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. పేజీలో పెట్టిన బొమ్మలు కూడా కొన్నిసార్లు ఫైలు లోపల ఉండవు, వేరే ఫోల్డర్ నుంచి లింకై ఉంటాయి. కాబట్టి డీటీపీ ల్యాప్‌టాప్ విషయంలో "ఫైళ్లు తీసేశాం" అన్న మాట నమ్మొద్దు. ఫాంట్ల ఫోల్డరు, టైపింగ్ సాఫ్ట్‌వేరు, దాని ఇన్‌స్టాలరు, బొమ్మల ఫోల్డర్లు అన్నీ రావాలి. అన్నిటికన్నా మేలు, డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా మరో డిస్కుకు కాపీ తీయించడం. దాన్ని క్లోనింగ్ అంటారు, సర్వీస్ షాపుల్లో మామూలుగా చేసే పనే.

ఇంకొక మాట. రేపు పొద్దున్నే ఫైలు పంపాల్సి ఉండి, ఈ రాత్రి ల్యాప్‌టాప్ లేవకపోతే ఈ రాత్రే దాన్ని విప్పకండి. ఆ ఫైలు పాత రూపం మెయిల్‌లో ఉందేమో, నిన్న ప్రింటు తీసిన నెట్ సెంటర్‌లో ఉందేమో వెతకండి. గడువు పొడిగించమని ఫోన్ చేయండి. గడువు నెత్తిమీద ఉన్నవాళ్ల చేతుల్లోనే డిస్కులు ఎక్కువగా చెడిపోతాయి. ఆగని ఆత్రంతో పదిసార్లు ఆన్ చేసి, ఆఫ్ చేసి, కనబడిన ప్రతి బటన్‌కూ 'ఎస్' అంటారు.

ఎక్కడ ఆగింది?

ఆన్ కావట్లేదని మనమనే మాటలో మూడు వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కినా లైటు కూడా వెలగకపోవడం ఒకటి. లైటు వెలిగి, ఫ్యాన్ తిరిగి, స్క్రీన్ నల్లగా ఉండిపోవడం రెండోది. కంపెనీ లోగో కనబడి, ఆ తరవాత ఏదో ఇంగ్లిష్ ముక్క రాసి నిలబడిపోవడమో, చుక్కలు తిరుగుతూ ఉండిపోవడమో మూడోది. షాపులో ఈ తేడా చెప్పగలిగితే సగం పని మీరు చేసినట్టే.

బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా పని ఒక వరసలో సాగుతుంది. చార్జర్ కరెంటు బోర్డుకు అందాలి. బోర్డు మీది చిన్న కంట్రోలర్ చిప్ ఒక్కో భాగానికి కావలసిన వోల్టేజీ వరసగా ఇవ్వాలి. ప్రాసెసర్ లేచి బయోస్ చిప్‌లోని ప్రోగ్రామును చదవాలి. ఆ ప్రోగ్రాము ర్యామ్ ఉందా, డిస్‌ప్లే ఉందా, కీబోర్డు ఉందా అని తనిఖీ చేస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీలోనూ ఈ తనిఖీ ఉండేది, ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. అన్నీ కుదిరాక డిస్కును వెతికి పట్టుకుని, అందులోని బూట్ ప్రోగ్రాముకు పని అప్పగిస్తుంది. విండోస్ వంతు వచ్చేది అప్పుడే. ఎక్కడ ఆగిందో దానికి ముందున్నవన్నీ పనిచేస్తున్నట్టే లెక్క. లోగో కనబడిందంటే చార్జరు, ర్యాము, స్క్రీను మీద అనుమానం వదిలేయవచ్చు. లైటే వెలగలేదంటే విండోస్ గురించి మాట్లాడటం అనవసరం.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చింది, దాని ఫలితం కాగితం మీద రాయండి. ర్యామ్ తీసి పెట్టి, బ్యాటరీ మార్చి, బయోస్‌లో నాలుగు సెట్టింగులు తిప్పి, అన్నీ అయ్యాక ఆన్ చేస్తే, లేచినా ఎందుకు లేచిందో తెలియదు, లేవకపోతే ఎందుకు లేవలేదో అసలే తెలియదు.

లైటు కూడా వెలగకపోతే

ముందు తగిలించినవన్నీ తీసేయండి: మౌస్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ప్రింటర్ కేబుల్. చార్జరు కూడా పీకేయండి. పాత మోడళ్లలో బ్యాటరీ కింద రెండు గొళ్లేలు జరిపితే ఊడివస్తుంది, దాన్నీ తీయండి. ఇప్పుడు పవర్ బటన్‌ను 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి. బోర్డు మీది కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోయి, అయోమయంలో పడ్డ కంట్రోలర్ మొదటి స్థితికి వస్తుంది. బ్యాటరీ పెట్టకుండా చార్జరు ఒక్కటే గుచ్చి ఆన్ చేయండి. పైసా ఖర్చు లేని ఈ పని చాలా ల్యాప్‌టాప్‌లను లేపింది. చార్జరుతో లేచి, బ్యాటరీ పెట్టగానే పడుకుంటే దోషం బ్యాటరీది.

లేవలేదా, చార్జరు చూడండి. సాకెట్లో కరెంటు ఉందా లేదా ఫోన్ చార్జరుతో తేల్చుకోండి. ల్యాప్‌టాప్ చార్జరు మీద చిన్న అక్షరాల్లో ఔట్‌పుట్ రాసి ఉంటుంది. డెల్‌వి చాలావరకు 19.5 వోల్టులు 3.34 ఆంపియర్లు, ఏసర్‌వి 19 వోల్టులు 3.42 ఆంపియర్లు, లెనోవోవి 20 వోల్టులు 3.25 ఆంపియర్లు. లెక్క కడితే అన్నీ 65 వాట్లే. వోల్టేజీ సరిపోలాలి. ఆంపియర్లు రాసినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే పిన్ దగ్గర కొలవండి, రాసిన అంకెకు దగ్గరగా రావాలి. అయితే మీటర్లో సరిగ్గా చూపిన చార్జరు కూడా ల్యాప్‌టాప్ బరువు పడగానే కూలిపోవచ్చు. అందుకని అదే రకం ల్యాప్‌టాప్ ఉన్న మిత్రుడి చార్జరు ఓ పది నిమిషాలు తెచ్చి పెట్టి చూడటమే నమ్మకమైన పరీక్ష.

డెల్ పాత చార్జర్ల పిన్ మధ్యలో సన్నని సూది ఒకటుంటుంది. చార్జరు ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది వంగినా విరిగినా ల్యాప్‌టాప్ పనిచేస్తుంది గానీ బ్యాటరీ చార్జ్ కాదు. కొన్నాళ్లకు బ్యాటరీ పూర్తిగా పడిపోయి, ల్యాప్‌టాపే పోయిందనిపిస్తుంది. గుచ్చే చోట పిన్‌ను కొంచెం కదిపితే లైటు వెలిగి ఆరుతోందంటే జాక్ లూజైంది. చాలా మోడళ్లలో ఈ జాక్ బోర్డుకు అతికించి ఉండదు, చిన్న వైరుతో విడిగా ఉంటుంది. అలాంటిదైతే మార్చడం చిన్న పని. బోర్డు పోయిందని చెప్పి పెద్ద బిల్లు వేసే ముందు జాక్ చూశారా అని అడగండి.

ఒక హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాల్లో చదువుకోండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, కింది మూత సరిగ్గా కూర్చోకపోయినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా లోపల లిథియం బ్యాటరీ ఉబ్బిందన్నమాట. చార్జరు వెంటనే పీకేయండి. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. అంటుకుంటే ఆర్పడం కష్టం. అది షాపువాళ్లు తీయాల్సిన పని, తీశాక చెత్తబుట్టలో వేసేది కూడా కాదు.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది

గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి స్క్రీన్ మీద ఏటవాలుగా వేయండి. లోపల సన్నగా అక్షరాలు కనిపిస్తే ల్యాప్‌టాప్ బతికే ఉంది, వెనక వెలుగు పోయిందంతే. హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే టీవీకి తగిలించి చూడండి. టీవీలో బొమ్మ వస్తే మీ ఫైళ్లన్నీ ఈ సాయంత్రమే కాపీ చేసుకోవచ్చు. స్క్రీన్ సంగతి తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు.

రెండు చోట్లా ఏమీ రాకపోతే చెవులు రిక్కించండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు బీప్ కొడతాయి, హెచ్‌పీవి కొన్ని క్యాప్స్ లాక్ లైటును లెక్కగా వెలిగించి ఆర్పుతాయి. ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకోండి, లేదంటే ఫోన్లో వీడియో తీయండి. ప్రతి కంపెనీకి ఈ లెక్కల పట్టిక ఉంటుంది. రెండు బీప్‌లకీ నాలుగు బీప్‌లకీ అర్థాలు వేరు.

పాత ల్యాప్‌టాప్‌లో ఈ రకం జబ్బుకు తరచూ దొరికే దొంగ ర్యామ్. ఏళ్ల తేమకు, దుమ్ముకు, వేడికి దాని పిన్నులకు మసి పట్టి, పట్టు వదులుతుంది. దీన్ని ఇంట్లో చేసుకోవచ్చు, చేసి చూడమనే నా సలహా. చార్జరు పీకి, బ్యాటరీ తీయండి. కింద చిన్న మూత ఉన్న మోడలైతే ఒకటి రెండు స్క్రూలతో తెరుచుకుంటుంది. మూత మొత్తం విప్పాల్సిన మోడలైతే తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను బొమ్మలో అది ఉన్న చోటే సెలోటేపుతో అంటించండి. వాటి పొడవులు ఒకటి కావు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే కీబోర్డు పైకి పొడుచుకొస్తుంది, బోర్డు చిట్లుతుంది. లోపల బ్యాటరీ ఉంటే ముందు దాని కనెక్టరు ఊడదీయండి. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోవడానికి ఏదైనా పెద్ద ఇనుప వస్తువును ఒకసారి తాకండి.

ర్యామ్ అంటే చూపుడువేలంత పొడవున్న ఆకుపచ్చ పలక. రెండు పక్కలా సన్నని లోహపు చేతులు దాన్ని పట్టుకుని ఉంటాయి. రెండు బొటనవేళ్లతో ఆ చేతుల్ని ఒకేసారి బయటికి జరపండి. పలక టక్కున ముప్పై డిగ్రీల ఏటవాలుకు లేస్తుంది. అంచులు పట్టుకుని అదే ఏటవాలులో బయటికి లాగండి. బంగారు రంగు పిన్నుల మీద నల్లని చారలు కనిపిస్తే మెత్తని పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు అంతా దులిపేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే ఇంకా మంచిది. తిరిగి పెట్టేటప్పుడు పలకలోని గాడి, సాకెట్లోని గాడి కలవాలి. ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, పిన్నులు దాదాపు కనబడకుండా పోయాక, కిందికి నొక్కితే చేతులు రెండూ టక్ మంటాయి. ఆ చప్పుడు రెండు వైపులా రావాలి. ర్యాములు రెండుంటే ఒక్కోదాన్ని విడిగా, ఒక్కో స్లాటులో మార్చి చూడండి. కొత్తది కొనాల్సి వస్తే పాతదాని లేబుల్ తీసుకెళ్లండి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260 పిన్నులు. గాడి వేరు, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. డీడీఆర్3లోనే 1.5 వోల్టులది, 1.35 వోల్టులది అని రెండు రకాలున్నాయి. 1.35 మాత్రమే తీసుకునే బోర్డులు కొన్ని ఉన్నాయి కాబట్టి లేబుల్ మీది 'ఎల్' అక్షరం చూసుకోండి.

ర్యామ్ మార్చినా నలుపే ఉంటే బోర్డు మీద అనుమానం పడాలి. ఇక్కడ మీ చేతులు ఆపేయండి. బోర్డును హీట్ గన్‌తో వేడి చేస్తే లేస్తుందని, ఓవెన్లో పెడితే బాగవుతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. 2008లో ఎన్‌విడియా తమ ల్యాప్‌టాప్ గ్రాఫిక్ చిప్‌లు కొన్ని లోపలి అతుకుల బలహీనత వల్ల ఎక్కువగా చెడిపోతున్నాయని ఒప్పుకుని, వారంటీ ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఆ తరం ల్యాప్‌టాప్‌లు వేడి చేస్తే కొన్ని వారాలు లేచేవి. వారాల తరవాత మళ్లీ పడిపోయేవి, వేడికి పక్కనున్న భాగాలు కూడా పాడయ్యేవి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: బోర్డు పోయినంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. మీ జాబితాలోవన్నీ క్షేమంగా ఉండే అవకాశమే ఎక్కువ.

లోగో వచ్చింది, విండోస్ రాలేదు

స్క్రీన్ మీద రాసింది అక్షరం పొల్లుపోకుండా ఫోన్‌తో ఫొటో తీయండి. 'నో బూటబుల్ డివైస్' అన్నా, హెచ్‌పీలో 3ఎఫ్0 అన్నా డిస్కు కనబడట్లేదని అర్థం. 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటే విండోస్ మొదలైంది గానీ డిస్కును చదవలేకపోతోంది. 'బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్' అంటే డిస్కు ఉంది, అందులోని మొదటి మెట్టు దెబ్బతింది.

గడియారం చూడండి. బయోస్‌లోకి వెళ్లి, అంటే ఆన్ చేయగానే ఎఫ్2 కొట్టి చూస్తే (లెనోవోలో కొన్నిటికి ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10) తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉందా? అయితే బోర్డు మీది చిన్న నాణెంలాంటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032, 3 వోల్టులది, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికి వైరు కూడా ఉంటుంది, వైరుతో ఉన్నదే తీసుకోవాలి. అది అయిపోతే తేదీతో పాటు బూట్ సెట్టింగులు కూడా మొదటికి వెళ్లిపోవచ్చు. లెగసీ పద్ధతిలో వేసిన విండోస్‌ను బయోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో వెతుకుతుంది, డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐ ఉండాల్సిన చోట రెయిడ్ అవుతుంది. డిస్కు నిక్షేపంలా ఉంటుంది, ల్యాప్‌టాప్‌కు మాత్రం దొరకదు. సెట్టింగు మార్చేముందు ఉన్నదాన్ని ఫొటో తీసుకుని, ఒక్కటి మార్చి చూడండి. ఈ కారణంతో ఫార్మాట్ అయిపోయిన డిస్కుల గురించి తలచుకుంటే బాధేస్తుంది.

విండోస్‌లోనే తేడా ఉన్నప్పుడు కూడా ఫైళ్లు పోవు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్ ఫైలుతో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి స్క్రీన్ దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆగిపోయిన ఆ కంప్యూటర్లను ఫార్మాట్ కొట్టాల్సిన అవసరం రాలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచాయి. చాలామంది ఇబ్బంది పడింది బిట్‌లాకర్ కీ, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళానికి చెవి, దొరక్క.

విండోస్ 10, 11 వరసగా రెండు మూడు సార్లు మధ్యలో ఆగిపోతే తమంతట తామే రికవరీ స్క్రీన్ చూపిస్తాయి. అక్కడ 'స్టార్టప్ రిపేర్', 'రీసెట్' అని ఊరించే బటన్లుంటాయి. 'కీప్ మై ఫైల్స్' అన్న రీసెట్ కూడా మీ ఫోల్డర్లను ఉంచుతుంది గానీ ప్రోగ్రాములన్నిటినీ తీసేస్తుంది. పేజ్‌మేకర్, ఫాంట్లు, ట్యాలీ పోయినట్టే. వాటి జోలికి పోకుండా అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్, ఓపెన్ అనండి. కింద 'ఆల్ ఫైల్స్' పెట్టండి. మీ ఫోల్డర్లన్నీ అక్కడే కనిపిస్తాయి. కుడి క్లిక్‌తో కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. ఎప్పుడూ సీ అని పిలిచే డ్రైవు అక్కడ డీ అయి ఉండొచ్చు, కంగారు పడొద్దు. ఇంత చిన్న కిటికీలోంచి ఎన్నో ఇళ్ల ఫొటోలు బయటికొచ్చాయి.

డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే మాత్రం ముందు 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ కీని అదే ఖాతాలో దాస్తాయి. ఫోన్లోంచి ఖాతా తెరిచి చూసి, కాగితం మీద రాసుకోండి. బోర్డు మార్పించే ముందు ఇది తప్పనిసరి. బోర్డు మారితే కీ అడగడం ఖాయం, కీ లేకపోతే ఏ షాపువాడూ ఏమీ చేయలేడు.

డిస్కు మాట్లాడే భాష

చెవి ఆనించి వినండి. పాత హార్డ్ డిస్కు బాగుంటే సన్నగా గాలి చప్పుడులా ఉంటుంది. టక్... టక్... టక్ అని ఒకే లయలో కొడుతుంటే వెంటనే ఆపేయండి. లోపల నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లేల మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో చదివే సూది తిరుగుతుంది. ఆ సూది దారి తప్పినప్పుడు వచ్చే చప్పుడది. నడిచే ప్రతి నిమిషం పళ్లెం మీద గీత పడొచ్చు. ఆ డిస్కులోని సమాచారం నిజంగా విలువైనదైతే డేటా రికవరీ చేసే పెద్ద సంస్థలకు పంపాలి, ఖర్చవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే బాగవుతుందన్న మాట వినకండి. బయటికి తీయగానే లోపల పట్టే తేమ చాలు దాన్ని పూర్తిగా చంపడానికి. తిరిగే భాగాలే లేని కొత్తరకం డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ, చప్పుడు చేయదు, చెప్పాపెట్టకుండా మాయమవుతుంది.

చప్పుడు లేకుండా డిస్కు కనిపిస్తూ, చదవడం మాత్రం నెమ్మదిగా ఉంటే రెండు దారులున్నాయి. మొదటిది పెన్‌డ్రైవ్ లైనక్స్. ఇంకో కంప్యూటర్లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే ప్రోగ్రాముతో, విండోస్‌కు బదులు వాడే లైనక్స్ మింట్‌ను ఎక్కించి, ఆన్ చేయగానే డెల్‌లో, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 కొట్టి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. 'ఇన్‌స్టాల్' అనకుండా, ఉన్నదున్నట్టు వాడండి. అది ర్యామ్‌లోనే నడుస్తుంది, డిస్కును ముట్టుకోదు. రెండోది డిస్కు విప్పి, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి, ఇంకో కంప్యూటర్‌కు తగిలించడం. విండోస్ 'ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా' అని అడిగితే 'క్యాన్సిల్' అనండి. డిస్కు మీద విండోస్ చెక్‌డిస్క్ పరీక్ష కూడా వద్దు. అది రాస్తుంది, చచ్చే డిస్కును ఇంకా అలసగొడుతుంది.

ముందు జాబితాలో పైనున్నవి కాపీ చేయండి. ఫొటోల ఫోల్డరు మొత్తం ఒకేసారి లాగితే, ఒక్క చెడ్డ ఫైలు దగ్గర కాపీ ఆగిపోయి, మంచివి కూడా రాకుండా పోతాయి. డిస్కు మరీ మొండికేస్తే లైనక్స్‌లోని డీడీరెస్క్యూ అన్న ప్రోగ్రాము ఉంది. అది మంచిగా చదవగలిగిన భాగాలన్నీ ముందు తీసుకుని, చెడ్డవాటిని దాటేసి, చివర్లో వాటికోసం వెనక్కి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అయితే కాపీ ఏ డిస్కులోంచి ఏ డిస్కులోకి అన్నది తారుమారైతే ఉన్నది కూడా పోతుంది. దాని మీద పట్టు లేకపోతే తెలిసినవాళ్ల చేతే చేయించండి.

షాపులో

సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనైనా, మీ ఊరి బస్టాండ్ ఎదుటి కొట్టులోనైనా, కౌంటర్ మీద ల్యాప్‌టాప్ పెట్టగానే మాట ఇలాగే మొదలవుతుంది.

"ఏమైందన్నా?"

"లోగో వచ్చి ఆగిపోతోంది తమ్ముడూ. నో బూటబుల్ డివైస్ అంటోంది, ఇదిగో ఫొటో."

"ఓఎస్ పోయినట్టుందన్నా. ఫార్మాట్ కొట్టి కొత్తది వేస్తా, సాయంత్రం వచ్చి తీసుకెళ్లు."

"ఫార్మాట్ వద్దు. ముందు హార్డ్ డిస్కు తీసి కేసింగ్‌లో పెట్టి చూడు. డేటా నా ఎదురుగా ఈ డిస్కులోకి కాపీ చెయ్యి. అయ్యాక మిగతా సంగతి మాట్లాడుకుందాం."

ఇలా అడిగితే షాపు కుర్రాడు చిన్నబుచ్చుకోడు, నిజానికి కస్టమర్ ఏం కావాలో తెలిసి వచ్చాడని పని జాగ్రత్తగా చేస్తాడు. ఖాళీ డిస్కు మీరే తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్ వదిలి రావాల్సి వస్తే రసీదు మీద 'డేటా ముఖ్యం, ఫార్మాట్ చేయరాదు' అని రాయించండి. మీ డిస్కు సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. పాస్‌వర్డు చెప్పాల్సి వస్తే తరవాత మార్చేసుకోండి.

కాపీ చేతికొచ్చాక, అప్పుడు యంత్రం గురించి తీరిగ్గా ఆలోచించవచ్చు. బోర్డు బాగుండి డిస్కు పోతే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేయించడం పాత ల్యాప్‌టాప్‌కు చేయగలిగిన అన్నిటికన్నా మంచి వైద్యం. పదేళ్ల కిందటి యంత్రం కూడా పరుగెడుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లను చాలావరకు ఒప్పుకోదు. బ్యాంకు పనులకు, రోజువారీ రాతకోతలకు వాడే పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేయడం ఇప్పుడు నేను ధైర్యంగా చెప్పగల సలహా. తెలుగు టైపింగ్ అందులో యూనికోడ్‌లో చక్కగా వస్తుంది. పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు మాత్రం క్లోన్ చేసిన డిస్కును అదే ల్యాప్‌టాప్‌లో వేసి, ఇంటర్నెట్ తగిలించకుండా, డీటీపీకే దాన్ని ఉంచుకోవడం మంచిది. బోర్డే పోయి, బాగు చేయించే ఖర్చు అదే తరం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరకు దగ్గరైతే వదిలేయండి.

పాత డిస్కును మాత్రం కొత్తది వేసిన రోజే తుడవకండి. దాని మీద తేదీ, ల్యాప్‌టాప్ పేరు, కాపీ ఎక్కడుందో రాసిన చీటీ అంటించి, ఆరు నెలలు బీరువాలో పెట్టండి. ఆ ఆరు నెలల్లో పన్నుల కాలం వస్తుంది, పిల్లల అడ్మిషన్లు వస్తాయి, ఎవరో ఒకరు "ఆ ఫైలు పాత ల్యాప్‌టాప్‌లో ఉండాలే" అంటారు. ఆరు నెలల తరవాత ఎవరికీ ఏమీ గుర్తు రాకపోతే, ఎవరికైనా ఇచ్చే ముందు పూర్తిగా తుడిచి ఇవ్వండి. తుడవడానికి కూడా తెరుచుకోని డిస్కయితే, ఇచ్చే ముందు పళ్లెం గుండా డ్రిల్‌తో రెండు రంధ్రాలు వేయించండి.